రాత్రుల లెక్క: అడ్వెంట్ చామంతి మడి డైరీ

2025 జూన్ 22

అనుకున్న పని ఇదీ. అడ్వెంట్ (క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల సిద్ధపాటు కాలం) మొదటి ఆదివారం నుంచి క్రిస్మస్ దాకా మా చర్చి బలిపీఠం మీద పెట్టే పూలన్నీ ఈసారి మా పెరట్లోంచే వెళ్లాలి. ఈ ఏడాది అడ్వెంట్ నవంబర్ 30న మొదలవుతుంది. చామంతి నాటిన దగ్గర్నుంచి పూలు చేతికి రావడానికి నాలుగున్నర, అయిదు నెలలు పడుతుంది. వెనక్కి లెక్కేసుకుంటే జూలై మొదటి వారానికల్లా మొక్క మట్టిలో ఉండాలి. అందుకే ఇవాళ చర్చి నుంచి (మేం గుడి అనే అంటాం) రాగానే గునపం పట్టాను.

స్థలం రాజమండ్రిలో మా ఇంటి వెనక, ప్రహరీ పక్కన. ఇరవై అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఒక కొస సందు వైపు ఉంది, రెండోది నుయ్యి వైపు. ఇకమీదట సందు కొస, నూతి కొస అనే రాస్తాను.

చర్చిలో పూల పని చాలా ఏళ్లు అక్క చూసింది. శనివారం సాయంత్రం ఇత్తడి కుండీలు చింతపండుతో తోమి పెట్టేది. ఆదివారం పొద్దున్నే పూలు సర్ది, మొదటి కీర్తన ఎత్తుకునే లోపు వచ్చి నా పక్కన కూర్చునేది. చేతులు ఆకు పసరు వాసన వేసేవి. ఈ ఏడాది, ఈస్టర్‌కు ముందు నలభై రోజుల ఉపవాస కాలమైన లెంట్‌లో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. తర్వాత కొన్నాళ్లు ప్లాస్టిక్ పూలు పెట్టారు, కొన్నాళ్లు షాపులో జెర్బెరాలు కొన్నారు. మొన్న స్త్రీల సమాజం మీటింగులో పూల మాట రాగానే అందరూ నా వైపు చూశారు. "అక్క చెయ్యి నీకూ ఉంటుంది కదమ్మా" అన్నారు మామ్మగారు ఒకరు. సర్దడం నాకు రాదు. పెంచడం వచ్చు. సరే అన్నాను.

చామంతే ఎందుకంటే, కోసి నీళ్లలో పెడితే పది రోజులు నిలుస్తుంది. గులాబీ మా చర్చి ఉక్కలో బల్ల ఆచరణ (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) అయ్యేలోపే తల వాల్చేస్తుంది.

ఇంకో సంగతి ముందే రాసుకుంటున్నాను. మధ్యలో వాక్యం ఏదైనా తడితే రాస్తాను గానీ, ప్రతి పురుగులో సాతానునీ ప్రతి చినుకులో ఆశీర్వాదాన్నీ చూపించే ప్రసంగాలు విని విని ఉన్నాను. మొక్క మీద మన మాట రుద్దకూడదు. దానికి చెప్పేదేమైనా ఉంటే చెప్తుంది.

జూన్ 28

మట్టి పని. మాది గోదావరి నల్లమట్టి. నీళ్లు పట్టుకుంటే వదలదు. చామంతి వేరుకు తడి కావాలి గానీ మడుగు పనికిరాదు, రెండు రోజులు నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. అందుకని ఎత్తు మడి కట్టాం. రెండు తట్టల మట్టికి ఒక తట్ట ఇసుక, ఒక తట్ట బాగా మాగిన పశువుల ఎరువు. ఎరువులో ట్రైకోడెర్మా (వేరుకుళ్లును అడ్డుకునే మంచి బూజు) పొడి కలిపి వారం నుంచి నీడలో గోనె కప్పి ఉంచాను, పైన తెల్లగా బూజులా కట్టింది. అలా కట్టడం మంచిదే. చివర్లో వేపపిండి చల్లి కలియబెట్టాం.

ఆదాముకు ఇచ్చిన మొదటి ఉద్యోగం తోటపనే. ఏదెను తోటను సేద్యం చేయాలి, కాయాలి. ఆదాము పాపంలో పడకముందే ఇచ్చిన పని అది, శిక్షగా ఇచ్చింది కాదు. నడుం పట్టేసినప్పుడు ఈ తేడా గుర్తుండటం కష్టం.

జూలై 5

కడియపులంక వెళ్లొచ్చాం. ఆదివారం జనం ఎక్కువని శనివారమే. రోడ్డుకు రెండు పక్కలా నర్సరీలు, ఏది చూసినా కొనాలనిపిస్తుంది. మా ఆయన బండి దిగకుండా "చామంతి మాత్రమే" అని రెండుసార్లు గుర్తు చేశారు. అయినా ఒక నందివర్ధనం కుండీ ఒళ్లోకి వచ్చేసింది.

తెల్లవి ఎక్కువ, పచ్చవి తక్కువ తీసుకున్నాను. విత్తనం మొక్కలు కావు, కొమ్మ ముక్కలకు వేరు పట్టించినవి. నర్సరీ ఆయన ఒకదాన్ని ట్రేలోంచి పైకి లాగి చూపించాడు. వేరు తెల్లగా దారంలా మట్టిని చుట్టుకుని ఉంది. "గోధుమ రంగు వేరుంటే వద్దనెయ్యండమ్మా, ఎవరిచ్చినా సరే" అన్నాడు. సాయంత్రం ఎండ తగ్గాక అడుగు దూరంలో నాటాం.

జూలై 31

ముసురు. వారం నుంచి సూర్యుడి మొహం చూడలేదు. మడి మధ్యలో నాలుగైదు మొక్కలు వాడిపోయాయి. పీకి చూస్తే మొదలు మెత్తగా, నల్లగా ఉంది. తీసేసి అక్కడ కొత్తవి పెట్టాను. మిగతావి తేరుకున్నాయి.

ఇవాళ అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టిన రోజు, 1842లో. మా లూథరన్ సంఘాల్లో ఈ తేదీ తెలియనివాళ్లుండరు. నాకు నచ్చేది ఆ రాక కంటే ఆయన ఆఖరి రాక. డెబ్బై అయిదు దాటిన వయసులో, 1869లో, మళ్లీ సముద్రం దాటి వచ్చి మా రాజమండ్రి మిషన్ పని చక్కబెట్టి వెళ్లారు. పొద్దున వాన ఆగితే గోలీ మందు కూడా వేసుకోకుండా మడిలోకి దిగుతుంటే మా ఆయన వద్దన్నారు. హయ్యర్‌గారి సంగతి చెప్పాను. "ఆయనకి మోకాళ్ల నొప్పులు ఉన్నాయని ఎక్కడా రాయలేదుగా" అన్నారు.

ఆగస్టు 4

కొసలు తుంచే రోజు. నాటిన నాలుగు వారాలకు చేయాలి. మొక్కలన్నీ ఒకే కాడతో జానెడు ఎత్తు పెరిగాయి, నిటారుగా, ముచ్చటగా. అన్నిటికీ తల తీసేయాలి.

ఎలాగంటే, పైనుంచి ఒక అంగుళం లేత భాగాన్ని చూపుడువేలు, బొటనవేలి గోరు మధ్య పట్టి టక్కున విరచాలి. లేతగా ఉంటే శబ్దం వస్తుంది, ముదిరితే నార సాగుతుంది. సాగిందంటే ఆలస్యం చేశామని అర్థం. చేతికి అంటే వాసన మాచిపత్రి వాసనకు దగ్గరగా ఉంటుంది. రెండూ ఒక కుటుంబానివే.

ఎందుకు తుంచాలంటే, కొస చిగురులో ఆక్సిన్ అనే హార్మోను తయారవుతుంది. అది కిందికి దిగుతూ ఆకుల పంగల్లో ఉన్న పక్క మొగ్గల్ని లేవనివ్వదు. కొస పోతే ఆ పట్టు పోతుంది. వారం, పది రోజుల్లో పక్క నుంచి నాలుగైదు కొమ్మలు వస్తాయి. ఒక పువ్వు పూసే చోట గుత్తి పూస్తుంది.

యోహాను పదిహేనో అధ్యాయం గుర్తు రాకుండా ఈ పని చేయడం మా ఇళ్లలో పుట్టినవాళ్ల తరం కాదు. ద్రాక్షావల్లి, తీగెలు, వ్యవసాయకుడు. ఆ అధ్యాయం మీద నేను విన్న ప్రసంగాల్లో కత్తిరింపు అంటే ఎప్పుడూ చెడ్డదాన్ని తీసేయడమే. పాపం, లోకాశ, టీవీ సీరియళ్లు. ఇవాళ నేను తుంచింది మాత్రం మొక్క మొత్తంలో బాగా ఆరోగ్యంగా ఉన్న ముక్క. తెగులు లేదు, పురుగు లేదు, మొక్క బలమంతా అక్కడే ఉంది. వాక్యం కూడా సరిగ్గా చదివితే అదే చెప్తుంది. ఫలించని తీగె సంగతి వేరుగా ఉంది. ఫలించే తీగెకు కూడా కత్తి తప్పదు, అది "మరి ఎక్కువగా ఫలింపవలెనని".

అక్క చిన్నప్పట్నుంచీ క్వయిర్‌లో పాడేది. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత పై స్థాయి పోయింది. పాట మానేసిన ఏడాదే పూల పని మొదలుపెట్టింది. దేవుడే ఆ గొంతు తీశాడని నేను అనను. అక్క కూడా ఎప్పుడూ అనలేదు. మొక్కను అడిగి తుంచడం లేదు కదా అని మాత్రం ఇవాళ ప్రతి మొక్క దగ్గరా అనిపించింది.

తుంచిన కొసల్లో కొన్ని ఇసుక కుండీలో గుచ్చాను. వేరు పడితే పక్కింటి పిన్నిగారికి.

ఆగస్టు 19

సందులో కొత్త ఎల్‌ఈడీ దీపం వేశారు. ఇన్నాళ్లూ చీకటి. రాత్రి డ్యూటీ దిగి వచ్చే ఆడపిల్లలు సెల్‌ఫోన్ లైటు పట్టుకుని నడిచేవాళ్లు. సందంతా సంబరపడ్డాం.

మొక్కలకు పక్క కొమ్మలు వచ్చాయి. వాటి కొసలు కూడా ఇంకోసారి తుంచాను. ఇక తుంచడం లేదు.

సెప్టెంబర్ 9

పేనుబంక. కొసల కింద నల్లగా గుంపులు, ఆకు ముట్టుకుంటే జిగురు. వేపనూనె లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్లతో గిలకొట్టి సాయంత్రం కొట్టాను. సబ్బు లేకపోతే నూనె నీళ్లలో కలవదు. ఆరు చుక్కల అక్షింతల పురుగులు కనిపించిన మొక్కలకు కొట్టలేదు, ఆ పని అవే చూసుకుంటాయి.

నవంబర్ 2 సమాధుల పండుగకు బంతి నారు కూడా వేశాను, గోడ వారగా. బంతికి యాభై, అరవై రోజులు చాలు.

అక్టోబర్ 5

నూతి కొసన మొగ్గ కనిపించింది. కొస ఆకుల మధ్య పచ్చి శనగ గింజంత, గట్టిగా, ఆకుపచ్చ పొలుసులు ఒకదాని మీద ఒకటి బిగించుకుని ఉంది. ఒకటి కనిపించాక కన్ను అలవాటు పడింది. ఆ వైపు ప్రతి కొమ్మకూ ఉంది.

సందు కొసన ఒక్కటి లేదు.

చిత్రమేంటంటే చూడ్డానికి సందు కొస మొక్కలే బాగున్నాయి. ఎత్తు ఎక్కువ, ఆకు వెడల్పు, ముదురు పచ్చ. ఇవాళ గుడి నుంచి వచ్చిన ఇద్దరు వాటినే మెచ్చుకున్నారు. "ఈ పక్కవి ఎంత ఏపుగా ఉన్నాయో చూడు" అని. అదే మట్టి, అదే ఎరువు, ఒకే రోజు నాటినవి. కొలిచి చూశాను, మడి మధ్య నుంచి మొగ్గలు పలచబడుతూ వచ్చి, సందు వైపు ఆరేడు అడుగుల్లో పూర్తిగా ఆగిపోయాయి.

అక్టోబర్ 8

కడియపులంక ఆయనకు ఫోన్ చేశాను. పురుగు గురించి అడగలేదు, ఎరువు గురించి అడగలేదు. "అక్కడ రాత్రిపూట లైటు పడుతోందామ్మా?" అన్నాడు.

చామంతికి పూత ఎప్పుడు పట్టాలో చెప్పేది రాత్రి పొడుగు. రాత్రి తగినంత పొడుగ్గా, మధ్యలో వెలుగు తగలకుండా ఉంటేనే మొగ్గ కడుతుంది. మా రాజమండ్రిలో జూన్ నెలాఖర్లో పగలు పదమూడు గంటలు దాటుతుంది. అప్పుడు మొక్క ఆకులూ కొమ్మలూ పెంచుకుంటూ పోతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో రాత్రి సాగుతూ వచ్చి, అక్టోబర్‌కి పగటి కంటే రాత్రే పెద్దదవుతుంది. ఆ రాత్రులను మొక్క ఆకులతోనే లెక్కపెట్టుకుంటుంది. సందు దీపం పడే ఆరేడు అడుగులకు ఆగస్టు తర్వాత రాత్రే రాలేదు. ఆ మొక్కల లెక్కలో ఇంకా జూన్ నడుస్తోంది.

హోసూరు వైపు చామంతి రైతులు కావాలనే పొలంలో బల్బులు వేలాడదీస్తారట. ధర వచ్చేదాకా పూత ఆపడానికి.

రాత్రి కూర్చుని ఇంకాస్త చదివాను. ఈ సంగతి మొదట బయటపెట్టినవాళ్లు అమెరికా వ్యవసాయ శాఖలోని గార్నర్, అలార్డ్. 1920లో. వాళ్లకు దారి చూపింది పొగాకు మొక్క. ఎండాకాలమంతా పెరుగుతూనే పోయి పూయనని మొండికేసిన ఒక రకం. పొగాకు పరిశోధన కేంద్రం ఉన్న ఊళ్లో పుట్టి పెరిగి, ఈ కథ ఇప్పుడు తెలుసుకున్నాను. తర్వాత 1938లో హామ్నర్, బానర్ అనే ఇద్దరు మరులమాతంగి మొక్క మీద చేసి చూశారు. పగటి మధ్యలో కాసేపు చీకటి చేస్తే మొక్కకు ఏమీ కాలేదు. పొడవాటి రాత్రి మధ్యలో కాసేపు దీపం వెలిగిస్తే పూత ఆగిపోయింది. అంటే లెక్కలోకి వచ్చేది చీకటే, అదీ తెగకుండా సాగిన చీకటి.

అక్టోబర్ 11

తెర కడితే సరిపోతుందేమో అని చూశాం. దీపం స్తంభం మీద ఎత్తున ఉంది, వెలుగు పైనుంచి దిగుతోంది. దీపం తీయించమని అడగడం నాకు ఇష్టం లేదు. ఆ ఆడపిల్లల సంగతి ముందే రాశాను.

సరుగుడు కర్రలతో సందు కొస మీద పందిరిలా ఒక చట్రం కట్టాం. సాయంత్రం ఆరుకు, దీపం వెలిగేలోపు, నల్ల టార్పాలిన్ కప్పాలి. పొద్దున ఆరు దాటాక తీయాలి. నూతి వైపు గాలికి తెరిచి ఉంచాం, లేకపోతే లోపల చెమ్మ పట్టి ఆకుమచ్చ వస్తుంది. ఇప్పట్నుంచి రోజూ చీకటి ఇస్తే మొగ్గ కట్టి పువ్వు విచ్చడానికి తొమ్మిది, పది వారాలైనా పడుతుంది. నూతి కొస అడ్వెంట్‌కి సిద్ధమవుతుంది. సందు కొస క్రిస్మస్‌కైనా అందుతుందో లేదో.

"మొక్కలకి దుప్పటి కప్పి జోల పాడుతున్నావా" అన్నారు మా ఆయన. ఆయనే రెండో కొస పట్టుకున్నారు.

రాయాలా వద్దా అని రెండు రోజులు ఆగిన మాట ఒకటుంది. రాస్తాను.

అక్క పోయాక వచ్చినవాళ్లంతా మంచి మనసుతోనే వచ్చారు. సమాధి కార్యక్రమం నాటి సాయంత్రం నుంచే "ఏడవకూడదమ్మా, ఆవిడ ప్రభువు సన్నిధిలో ఉంది, మనం సంతోషించాలి" అన్నారు. నెల తిరిగేసరికి "ఇంకా ఎన్నాళ్లమ్మా" అన్నారు. వాళ్లు చెప్పిన ప్రతి మాటా నిజమే, నేను నమ్మేదే. పునరుత్థానం నమ్మకపోతే నేను చర్చికి ఎందుకు వెళ్తాను? కానీ అర్ధరాత్రి మీద పడే దీపంలా ఆ మాటలు నాకు రాత్రి లేకుండా చేశాయి. పైకి బాగానే ఉన్నాను, ఏపుగానే ఉన్నాను. అందరూ "ఎంత ధైర్యంగా ఉందో" అన్నారు. సందు కొస మొక్కల్ని మెచ్చుకున్నట్టే.

88వ కీర్తన తీసి చదివాను. కీర్తనల్లో చాలావాటికి ఏడుపుతో మొదలై చివర్లో స్తుతి వైపు తిరగడం అలవాటు. ఇది తిరగదు. ఆఖరి మాట "చీకటియే నాకు బంధువర్గమాయెను". అక్కడితో అయిపోతుంది. కింద ఓదార్పు వచనం ఎవరూ చేర్చలేదు, ఇన్ని వందల ఏళ్లుగా ఎవరూ తీసేయలేదు కూడా. దాన్ని రాసిన మనిషి ఆ చీకటి గురించి దేవుడితోనే చెప్తున్నాడు, ఇంకెవరితోనో కాదు.

అంధకార స్థలాల్లో ఉంచిన నిధులు నీకిస్తానని యెషయాలో ఒక మాట ఉంది. అది పారసీక రాజు కోరెషుతో అన్నది, నాతో కాదు. సందర్భం చూడకుండా వాక్యం పట్టుకోవడం నాకు ఇష్టం లేదు. అయినా ఇవాళ టార్పాలిన్ కప్పుతుంటే నోట్లో అదే మాట ఆడుతోంది.

అక్టోబర్ 30

మొంథా తుఫాను 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ రాత్రంతా మా దగ్గర గాలి, వాన. 27 సాయంత్రమే మొక్కలన్నిటికీ సరుగుడు పుల్లలు గుచ్చి అరటి నారతో కట్టాను. ప్లాస్టిక్ తాడు కాడను కోస్తుంది, తడిసిన అరటి నార కోయదు. టార్పాలిన్ తీసి మడతపెట్టి లోపల పెట్టాం, లేకపోతే అది చట్రంతో సహా ఎగిరి మొక్కల మీదే పడేది.

పొద్దున చూస్తే నూతి కొస కొమ్మలు కొన్ని విరిగాయి, మొగ్గలతో సహా. మడి ఎత్తుగా కట్టుకోవడం వల్ల నీళ్లు నిలవలేదు. బంతి మాత్రం నేలకు పరుచుకుపోయింది. కోనసీమ నుంచి చుట్టాల ఫోన్లు, అరటి తోటలు ఒరిగిపోయాయని. వాళ్ల మాటలు విన్నాక నా విరిగిన కొమ్మల గురించి నోరెత్తలేదు.

కరెంటు లేదు. సందు దీపం రెండు రాత్రులు వెలగలేదు. టార్పాలిన్ పని తప్పింది.

నవంబర్ 2

ఆదివారం, సమాధుల పండుగ, రెండూ ఒకే రోజు వచ్చాయి. తుఫానుకు శ్మశానంలో సున్నం కొట్టిన సమాధులన్నీ బురద చిమ్మి ఉన్నాయి. జనం మళ్లీ కడిగారు. పూల బజారులో బంతి ధర అడిగి వెనక్కి తిరిగినవాళ్లు చాలామంది కనిపించారు. నేలకొరిగిన మా బంతిలో పనికొచ్చేవి ఏరి దండ కట్టాను. అక్క సమాధికి ఒక దండ సరిపోయింది. మిగిలిన విడిపూలు పక్కన ఎవరూ రాని రెండు సమాధుల మీద చల్లాను.

కొవ్వొత్తి గాలికి నిలవలేదు. మా పాస్టర్ అయ్యగారు యోహాను సువార్త 20 చదివారు. సమాధి దగ్గర మగ్దలేనే మరియ, తిరిగి లేచిన యేసును చూసి తోటమాలి అనుకున్న చోటు. ఆ మాట దగ్గర అయ్యగారు ఆగలేదు, నేను ఆగాను. ఇంకా చీకటిగా ఉండగానే ఆమె వచ్చిందని అదే అధ్యాయం మొదట్లో ఉంది.

ఇంటికొచ్చి ఏడ్చాను. మా ఆయన ఏమీ అనలేదు, టీ పెట్టి ఇచ్చారు. సాయంత్రం ఆరుకు టార్పాలిన్ కప్పాం.

నవంబర్ 10

కుండీల్లో ఉన్న గులాబీలు కత్తిరించాను. కత్తిరించిన నలభై అయిదు రోజులకు గులాబీ పూస్తుంది. లెక్క క్రిస్మస్‌కి పడుతుంది. సందు కొసన మొగ్గ కనిపించింది, శనగ గింజలో సగం.

నవంబర్ 29

రేపటికి కోత. పొద్దున మంచు ఆరకముందే, కత్తెర కాకుండా పదునైన చాకుతో, కాడ ఏటవాలుగా. బయటి రేకులు విచ్చి మధ్యది ఇంకా బిగువుగా ఉన్న పువ్వు కోయాలి. పూర్తిగా విచ్చింది కోస్తే రెండో ఆదివారం దాకా ఉండదు. నీళ్లలో మునిగే భాగంలో ఆకు ఒక్కటి ఉన్నా నీరు కంపు కొడుతుంది, అవన్నీ దూసేశాను. బకెట్ నిండా నీళ్లలో మెడ దాకా ముంచి రాత్రంతా వంటింటి మూల నీడలో ఉంచుతాను.

అయ్యగారు ముందే చెప్పారు. "అడ్వెంట్ సిద్ధపాటు కాలమమ్మా, మొదటి వారమే గుడి నింపేయకండి" అని. అందుకని మొదటి ఆదివారం ఒక్క కుండీ, ప్రతి వారం ఒకటి చొప్పున పెంచుదాం అనుకున్నాం. పెరటికీ అది అనుకూలమే, పూలు కూడా ఒక్కసారిగా రావు. షాపువాళ్లు వాడే ఆకుపచ్చ స్పాంజి వద్దనుకుని కుండీలో కోళ్ల జాలీ ఉండచుట్టి పెట్టాను. కాడలు దాని కన్నాల్లో కదలకుండా నిలబడతాయి.

నవంబర్ 30

సర్దడానికి మామ్మగారు వచ్చారు. నేను అన్నీ ఒకే ఎత్తులో కోశానట. మూడు కాడలు పొట్టి చేసి, ఒకటి పక్కకు వంచారు. అంతే, అది కుండీ కాస్తా బలిపీఠం పువ్వయింది. ఊదా వస్త్రం మీద తెల్ల చామంతి అంత బాగుంటుందని నాకు తెలియదు.

డిసెంబర్ 25

నాలుగు కుండీలు చామంతి. గులాబీలు లెక్క తప్పలేదు గానీ విచ్చినవి తక్కువ, ప్రసంగ పీఠం దగ్గర పెట్టాం. యెషయా తొమ్మిదో అధ్యాయం చదివారు, చీకటిలో నడుచు జనులు గొప్ప వెలుగు చూశారని. చిన్నప్పట్నుంచీ ఆ వాక్యంలో నేను వెలుగు దగ్గరికి పరుగెత్తేదాన్ని. ఈసారి "నడుచు" అన్న దగ్గర ఉండిపోయాను. ఆ జనం చీకట్లో కూర్చుని లేరు, పడి లేరు, నడుస్తూనే ఉన్నారు.

ఒక చెల్లి వచ్చి పూలు ఎక్కడ కొన్నారని అడిగింది.

సందు కొసన ఒక్క పువ్వూ విచ్చలేదు. మొగ్గలకు రంగు మాత్రం తెలుస్తోంది.

2026 జనవరి 11

సందు కొస పూసింది. డిసెంబర్ ఆఖర్న మొదలై, జ్ఞానులు బాల యేసును చూడవచ్చిన పండుగ, ఎపిఫనీ వారానికి నిండుగా వచ్చింది. ఆకు బలం ఎక్కువ ఉండబట్టి కాబోలు, పువ్వు నూతి కొస దానికంటే పెద్దది. అందరూ క్రిస్మస్ డెకరేషన్ తీసేసిన ఆదివారం బలిపీఠం మీద అన్నిటికంటే ఎక్కువ పూలు ఉన్నాయి. "పండగ అయిపోయాక ఇన్ని ఎందుకమ్మా" అన్నారు ఒకరు. జ్ఞానులు కూడా ఆలస్యంగానే వచ్చారు కదండీ అన్నాను. నవ్వేశారు.

జనవరి 19

పూత అయిపోయిన మొక్కల్ని నేల నుంచి నాలుగు వేళ్ల ఎత్తులో కోసేశాను. మొదలు దగ్గర పిలకలు వస్తున్నాయి. ఎండాకాలం గట్టెక్కించాలంటే వీటిని నూతి పక్క వేపచెట్టు నీడకు మార్చాలి. మేలో నీళ్లు తగ్గినా చస్తాయి, నిలిచినా చస్తాయి. జూన్‌లో ఈ పిలకల నుంచే కొత్త మొక్కలు. చర్చిలో ముగ్గురు అడిగారు, మామ్మగారు కుండీలో పెంచుతానన్నారు. ఆవిడ వరండాలో ట్యూబులైటు రాత్రి పదింటిదాకా వెలుగుతుంది, ఆ సంగతి ముందే చెప్పాలి.

సందు కొసన వచ్చే ఏడాది చామంతి వేయను. గులాబీకి రాత్రి పొడుగుతో పని లేదు, అక్కడికి గులాబీలు మారుస్తాను. నందివర్ధనం కూడా అక్కడే.

లెంట్ ఫిబ్రవరి 18న మొదలు. ఆ నలభై రోజులూ బలిపీఠం మీద పూలు ఉండవు. ఈస్టర్ ఏప్రిల్ 5, మల్లెల కాలం. మల్లె పొదలకు డిసెంబర్ నుంచి నీళ్లు ఆపాను, ఇవాళ ఆకు దూసి కొమ్మలు కత్తిరించాను. ఎరువు వేసి నీళ్లు పెట్టడం వచ్చే వారం.